సబాన్ మొదటి సీజన్: 7-6 ఆ, 2-6 ఆ?

తమ్ముడూ, అలబామా విశ్వవిద్యాలయ అమెరికన్ ఫుట్‌బాల్ జట్టుకి కోచ్‌గా నిక్ సబాన్ సీజన్లన్నీ కూడితే 206 గెలుపులు వస్తున్నాయి, అధికారిక లెక్కలో మాత్రం 201 ఉంది, ఎక్కడ తప్పిందని అడిగావు. నీ కూడిక సరైనదే. తేడా అంతా ఆయన మొదటి సీజన్ 2007లోనే ఉంది.

ఆ ఏడాది మైదానంలో వచ్చిన ఫలితం 7-6, అంటే ఏడు గెలుపులు, ఆరు ఓటములు. కొందరు ఆటగాళ్లు స్కాలర్‌షిప్ మీద వచ్చే ఉచిత పాఠ్యపుస్తకాలను వేరే విద్యార్థులకు ఇప్పించారని అక్టోబర్‌లో బయటపడింది. టెనెసీతో మ్యాచ్‌కి ముందే ఐదుగురిని పక్కన పెట్టారు. 2009లో ఎన్‌సీఏఏ (అమెరికా కళాశాల క్రీడలను నడిపే సంస్థ) తీర్పు వచ్చి, వాళ్లు ఆడిన మొదటి ఐదు గెలుపులూ రద్దయ్యాయి. మిగిలినవి రెండే: టెనెసీ మీద 41-17, సీజన్ చివర ఆడే ఇండిపెండెన్స్ బౌల్ మ్యాచ్‌లో కొలరాడో మీద 30-24.

ఇక్కడే చాలామంది పొరబడతారు. గెలుపు రద్దయితే అది ఓటమి అయిపోదు. అవతలి జట్టుకి గెలుపూ రాదు. అందుకే ఓటములు ఆరు ఆరుగానే ఉండి, 2-6 అని కనిపిస్తుంది. 17 సీజన్లకు మొత్తం 201-29.

నీ పట్టికలో రెండు గడులు పెట్టుకో, ఒకటి మైదానంలో ఫలితానికి, రెండోది అధికారిక లెక్కకి. 2008 నుంచి రెండూ ఒకటే. 2009లో 14-0తో సాధించిన జాతీయ టైటిల్, ఆ తర్వాతి ఐదూ చెక్కుచెదరలేదు.

నన్నడిగితే 7-6నే ముందు రాయి. ఆ నవంబర్‌లో సొంత మైదానంలో లూసియానా-మన్రో అనే చిన్న జట్టు చేతిలో ఓడిన జట్టు మరుసటి ఏడు 12-2కి చేరింది. ఆ ఎదుగుదల 2-6 అంకెలో సరిగ్గా కనిపించదు.