కుక్క ఉన్న చోటా, లేని చోటా

అమ్మాయీ,

నీ అనువాద కథ అందింది. సంభాషణలు బాగా కుదిరాయి. ‘దురదృష్టం అతన్ని కుక్కలా వెంబడించింది’ అన్న వాక్యం దగ్గర మాత్రం ఆగిపోయాను. మూలంలో ఉన్నది డాగ్ అనే క్రియ. వదలకుండా వెంటపడటం అని అర్థం. దాని వెనకాల వాసన పట్టి తరిమే కుక్క ఉన్నమాట నిజమే కానీ, ఇంగ్లీషు పాఠకుడు ఇప్పుడు దాన్ని తలుచుకోడు. తెలుగులో ‘కుక్కలా’ అనగానే తిట్టు వినిపిస్తుంది. ‘దురదృష్టం వెంటాడింది’ అంటే చాలు, కుక్కతో పని లేదు.

ఈ డాగ్ అనే మాటే విచిత్రమైనది. పాత ఇంగ్లీషులో కుక్కను మామూలుగా హుండ్ అనేవారు, జర్మన్‌లో నేటికీ దాదాపు అదే మాట. డాగ్‌కి పూర్వరూపం అప్పట్లో అరుదుగా వినపడేది, అది ఎక్కడి నుంచి వచ్చిందో పండితులు ఇవాళ్టికీ తేల్చలేదు. అద్దెకి దిగి ఇల్లే సొంతం చేసుకున్నవాడిలా అది కుక్కలన్నిటికీ పేరైపోయింది. పాత మాట హౌండ్‌గా మారి వేటకుక్కలకే మిగిలింది.

నీ కథలో అసలు చిక్కు ఓడ మీద ‘కుక్క కాపలా’ దగ్గర వచ్చింది. ఓడలో కాపలా వంతు నాలుగు గంటలు. ఆ లెక్కన రోజుకి ఆరు వంతులు. సరిసంఖ్య కాబట్టి రెండు జట్లు వంతులేసుకుంటే ఒకే జట్టుకి రోజూ అర్ధరాత్రి కాపలానే పడుతుంది. అందుకని సాయంత్రం 4 నుంచి 8 దాకా ఉన్న వంతుని రెండుగా విరిచారు. ఏడు వంతులయ్యాయి, వేళలు రోజూ మారుతూ వచ్చాయి. ఆ రెండు గంటల ముక్కే డాగ్ వాచ్. ‘సాయంత్రపు సగం కాపలా’ అని రాయి. మీ నావికుడు అలసటతో కాకుండా ఊరటతో ఎందుకు మాట్లాడుతున్నాడో అప్పుడు పాఠకుడికి అందుతుంది. అదే పేజీలో తుఫాను ముందు బిగించిన ‘డాగ్స్’ కూడా కుక్కలు కావు, తలుపుని పట్టి ఉంచే గడియలు. కరిచి పట్టుకుని వదలవు గనక ఆ పేరు వచ్చి ఉంటుందని నా ఊహ.

మండే ఎండల రోజుల్ని చెప్పే డాగ్ డేస్ సంగతి వేరు. ఆ కుక్క ఆకాశంలో ఉంది. రాత్రి ఆకాశంలో నక్షత్రాలన్నిటికన్నా ప్రకాశించే సిరియస్‌ని గ్రీకులు కుక్క నక్షత్రం అన్నారు. అది తెల్లవారకముందు తూర్పున తొలిసారి కనిపించే రోజులకి వాళ్లకి ఎండలు ముదిరేవి, ఆ వేడికి నక్షత్రమే కారణమనుకున్నారు. మనవాళ్లు దాన్నే లుబ్ధకం, అంటే వేటగాడు అన్నారు. ఇక్కడ ‘రోహిణి కార్తె’ అని రాయాలని చెయ్యి లాగుతుంది. వద్దు. రోహిణి మే నెలాఖరులో వస్తుంది, వాళ్ల ఎండలు జులై, ఆగస్టుల్లో. ‘మండు వేసవి’ చాలు.

కొన్నిచోట్ల ఇంగ్లీషు కుక్కకి బదులు మన దగ్గర ఇంకో జంతువు సిద్ధంగా ఉంటుంది. డాగ్డ్ అని విశేషణంగా వస్తే మనకి ‘ఉడుంపట్టు’ ఉంది, ఇంతకన్నా బిగువైన మాట దొరకదు. పడుకున్న కుక్కని లేపవద్దన్న సామెతకి ‘తేనెతుట్టె కదపకు’ అనొచ్చు. అండర్‌డాగ్ కుక్కల పోట్లాటలో కింద పడ్డ కుక్క నుంచి వచ్చింది. ఆటల వార్తల్లో ‘అంచనాల్లేని జట్టు’ అంటారు కానీ, నీ కథలో అది ఒక మనిషి, పైగా రచయితకి వాడిమీద ప్రేమ. అక్కడ ‘బక్కవాడు’ అని చూడు.

డాగ్స్ లైఫ్‌ని మాత్రం నువ్వు ‘దుర్భర జీవితం’ చేశావు. అదేం పాపం చేసింది? ‘కుక్క బతుకు’ మన నోట రోజూ ఉన్న మాటే, అక్షరం పొల్లుపోకుండా సరిపోతుంది. మొహమాటంతో తీసేసినట్టున్నావు. తిరిగి పెట్టు.

హాట్ డాగ్ జోలికి పోవద్దు, అలాగే ఉంచు. ఓడ పేజీ సరిచేశాక ముందు అది ఒక్కటే పంపు, మిగతాది తరవాత చూద్దాం.

ఆశీస్సులతో,
మీ మాస్టారు