ఎలక్ట్రిక్ కారు మొరాయిస్తే ముందు చూడవలసినవి

గుంటూరు

చి. అమ్మాయికి పెదనాన్న ఆశీస్సులు.

కారు కొన్నావని, బ్యాటరీ పాడైతే లక్షలు పోతాయని అప్పుడే దిగులు పెట్టుకున్నావని మీ నాన్న చెప్పాడు. పెద్ద బ్యాటరీకి సాధారణంగా 8 ఏళ్లు లేదా 1,60,000 కిలోమీటర్ల వారంటీ ఉంటుంది. ఆ దిగులు కంపెనీవాళ్లను పడనివ్వు. బండిని నిజంగా నిలబెట్టేసేవి చిన్నవి. బానెట్ కింద ఉండే 12 వోల్టుల బ్యాటరీ, ఇంటి ఎర్తింగు, గోడమీది ప్లగ్గు.

ఏదో ఒక ఉదయం రిమోటు నొక్కినా తలుపు తెరుచుకోదు. లేదా తెరుచుకుంటుంది గానీ హెచ్చరిక దీపాలన్నీ ఒక్కసారిగా వెలుగుతాయి, బండి కదలదు. పెద్ద బ్యాటరీలో 80 శాతం చార్జి ఉన్నా ఇలా జరుగుతుంది. దాన్ని మోటారుతో కలిపే కాంటాక్టర్లు అనే స్విచ్చులు పని చేయాలంటే ఆ చిన్న బ్యాటరీ నుంచే కరెంటు అందాలి మరి. గాదె నిండా ధాన్యం ఉండి తాళంచెవి పోయినట్టు ఉంటుంది వ్యవహారం. అప్పుడు కంగారుపడకుండా రిమోటులో ఇమిడి ఉండే తాళంచెవితో తలుపు తియ్యి. రాత్రంతా ఆగి ఉన్న బండిలో ఆ బ్యాటరీ మల్టీమీటరులో 12.6 వోల్టుల దగ్గర చూపిస్తే బాగున్నట్టు, 12 కంటే దిగితే నీరసించినట్టు. మాన్యువల్ చూపిన చోట కేబుళ్లు తగిలించి మరో కారు సాయంతో లేపవచ్చు. ఒకసారి మేలుకుంటే పెద్ద బ్యాటరీయే చిన్నదాన్ని నింపుకుంటుంది. నారింజ రంగు తొడుగున్న తీగలను మాత్రం ముట్టుకోకు, ఈ పని నేర్చుకోని మెకానిక్‌నూ ముట్టుకోనివ్వకు. మన ఎండలకు ఈ చిన్న బ్యాటరీ మూడు నాలుగేళ్లు వస్తే గొప్ప. కెమెరాలు, అదనపు లైట్లు తెచ్చి నేరుగా దానికి తగిలిస్తే అంతకూడా రాదు. కొత్త బండి మోజులో మీ ఆయన చేసే మొదటి పని అదే అయి ఉంటుంది, ఒకసారి చూడు.

ఇక ఇంటి చార్జింగు. చార్జరు మీద ఎర్రదీపం వస్తే చాలామంది చార్జరు పోయిందనుకుని సర్వీసు సెంటరుకు పరుగెడతారు. చాలాసార్లు అది ఎర్తింగు లోపమే. ఎర్తు సరిగా లేకపోతే చార్జరు కరెంటు తీసుకోదు. తీసుకోకపోవడమే మనకు రక్ష. ఎలక్ట్రీషియన్‌ను పిలిచి సాకెట్టు దగ్గర కొలిపించు. ఫేజుకూ ఎర్తుకూ మధ్య 230 వోల్టుల దగ్గర, న్యూట్రల్‌కూ ఎర్తుకూ మధ్య ఒకటి రెండు వోల్టులు ఉంటే మంచిది. ఎర్తు తీగను న్యూట్రల్‌కు కలిపేస్తే దీపం ఆరిపోతుందని చెప్పేవాడు దొరుకుతాడు. ఆ పని చేయనివ్వకు, న్యూట్రల్ తెగిన రోజున కారు ఒంటినిండా కరెంటు ఉంటుంది. వేసవిలో ఎర్తు గుంత ఎండిపోతుంది. రోహిణి కార్తెలో బకెట్ల కొద్దీ నీళ్లు పోయించమని మీ అపార్ట్‌మెంటు వాచ్‌మన్‌కు చెప్పు.

చార్జింగు మొదలైన అరగంటకు ప్లగ్గు మీద చెయ్యి పెట్టి చూడు. గోరువెచ్చగా ఉంటే సరే. చెయ్యి పెట్టలేనంత వేడిగా ఉంటే లోపల స్క్రూ వదులైనట్టు, లేదా సాకెట్టు నాసిరకం. ఇంట్లో ఏసీ ఆగి ఆగి నడుస్తుంది గానీ ఈ కారు తొమ్మిది పది గంటలు ఏకధాటిగా పదమూడు పద్నాలుగు ఆంపియర్లు లాగుతుంది. నీ మీటరు నుంచి పార్కింగుకు 4 చదరపు మిల్లీమీటర్ల రాగి తీగ, విడిగా ఎంసీబీ వేయించు. పార్కింగు దూరమైతే 6 వేయించు. ఎక్స్‌టెన్షన్ బాక్సు మాట ఎత్తకు.

హైవే మీద ఫాస్ట్ చార్జరు మొదలుకాకుండా ఆగిపోతోందా? దాని తీగ చివర కారుకు తగిలించే గన్ను బరువుకు కిందికి వాలి లాకు సరిగా పడదు. క్లిక్‌మనేదాకా కింద చేయి ఆనించి పట్టుకో. 80 శాతం దాటాక నెమ్మదించడం లోపం కాదు, అక్కడ కూర్చుని కాలం వృథా చేసుకోకు.

ఉన్నట్టుండి పది శాతం పడిపోయిందని భయపడేవాళ్లున్నారు. నీ బండిది ఎల్ఎఫ్‌పీ, అంటే లిథియం ఐరన్ ఫాస్ఫేట్ రకం బ్యాటరీ. చార్జి తగ్గుతున్నా దాని వోల్టేజి దాదాపు ఒకేలా ఉంటుంది కాబట్టి కంప్యూటరు లెక్క తప్పుతుంది. మాన్యువల్ చెప్పినన్ని రోజులకు ఒకసారి ఇంటి చార్జరుతో నింపాదిగా 100 శాతం దాకా నింపితే లెక్క సరిపడుతుంది. రేంజి, అంటే ఒక చార్జికి వెళ్లే దూరం, అసలే తగ్గిందనిపిస్తే టైర్లలో గాలి చూసుకో, గంటకు 100 కాకుండా 80లో వెళ్లి చూడు. బెజవాడ ట్రాఫిక్‌లో ఇచ్చినంత దూరం హైదరాబాదు హైవే మీద ఇవ్వదు. వేగం పెరిగేకొద్దీ ఎదురుగాలిని చీల్చుకు వెళ్లడానికే ఎక్కువ కరెంటు పోతుంది, బ్రేకు వేసినప్పుడల్లా వెనక్కి వచ్చే కరెంటూ అక్కడ తక్కువే కదా.

వాన కురిసిన మర్నాడు బ్రేకులు కీచుమంటే అది డిస్కు మీద పట్టిన తుప్పు, నాలుగుసార్లు తొక్కితే పోతుంది.

మీరు సింగ్‌నగర్‌లో ఉన్నారు గనుక ఇది గట్టిగా చెబుతున్నాను. 2024 సెప్టెంబరులో బుడమేరు వరద ఏం చేసిందో చూశావు. బ్యాటరీకి ఉందని కంపెనీవాళ్లు చెప్పే ఐపీ67 అంటే మీటరు లోతు నీళ్లలో అరగంట తట్టుకుంటుందని పరీక్షించారన్నమాట. అదీ బ్యాటరీ పెట్టెలాంటివాటికే, సీట్ల కింది వైర్లకు కాదు. వరద వస్తుందంటే బండిని సెల్లారు నుంచి ఎత్తైన చోటికి చేర్చు. మునిగిన బండిని ఆన్ చేయకు, చార్జింగుకు పెట్టకు, చక్రాలు దొర్లిస్తూ లాగించకు. నాలుగు చక్రాలూ లారీ మీదికి ఎక్కించి తీసుకెళ్లాలి. బీమా కట్టేటప్పుడు నీళ్ల వల్ల బ్యాటరీకి, మోటారుకు, చార్జరుకు జరిగే నష్టం పాలసీలో ఉందో లేదో చదివాకే సంతకం పెట్టు.

తెరమీద ఏ హెచ్చరిక కనిపించినా అది మాయమయ్యేలోగా ఫోటో తీసి పెట్టుకో. సర్వీసు సెంటరులో "ఇప్పుడు బాగానే ఉందండీ" అన్నప్పుడు అది చూపించి, కంప్యూటరు పెట్టి బండిలో నమోదైన పాత లోపాల కోడ్‌లు చదవమని అడుగు. మల్టీమీటరు కొనవద్దు, నా దగ్గర రెండున్నాయి. ఆదివారం మీరు వచ్చినప్పుడు ఒకటి ఇస్తాను.

ఇట్లు
మీ పెదనాన్న