చిన్నీ, కన్సోల్ కొనేముందు మావయ్య మాట ఒకసారి విను

చిన్నీ,

రాత్రి ఒంటిగంటకి నువ్వు పెట్టిన మెసేజ్‌లన్నీ పొద్దున కాఫీ తాగుతూ చదివా. ఏ గేమ్ కన్సోల్ కొనాలా అని, సోనీ వాళ్ళ పీఎస్5 (ప్లేస్టేషన్ 5) డిస్క్ పెట్టుకునేదా, డిస్క్ లేకుండా ఆటలు డౌన్‌లోడ్ చేసుకునే డిజిటల్‌దా, మైక్రోసాఫ్ట్ వాళ్ళ ఎక్స్‌బాక్స్ సిరీస్ ఎస్ సరిపోద్దా, నింటెండో వాళ్ళ స్విచ్ 2 బయటనుంచి తెప్పించుకోవచ్చా, చేతిలో పట్టుకుని ఆడే ఆ చిన్న పీసీ ఎలా ఉంటది, మొత్తం పదకొండు స్క్రీన్‌షాట్లు, చివర్లో "మావయ్యా మూడు వారాల్నుంచి వీడియోలు చూస్తున్నా, తల తిరుగుతోంది, అసలు ఇన్ని ఎందుకు చేస్తారు వీళ్ళు" అని. మొదటి బోనస్‌తో కొనుక్కుంటున్నావు, నీ కష్టార్జితం, అందుకే ఒక్క ముక్కలో జవాబు పెట్టి వదిలేయబుద్ధి కాలేదు. కూర్చుని రాస్తున్నా, ఓపిగ్గా చదువు.

విజయవాడ వన్‌టౌన్‌లో మన గేమ్ షాపు 1996 నుంచి 2012 దాకా నడిచింది. చివరి రెండు మూడేళ్ళు నువ్వు స్కూల్ బ్యాగుతోనే వచ్చి మూల స్టూల్ మీద కూర్చునేదానివి, గుర్తుండే ఉంటది. మొదట్లో రెండు టీవీలు, రెండు క్యాసెట్ మెషిన్లు, గంటకి పది రూపాయలు. అప్పుడు మన దగ్గర దొరికినవన్నీ జపాన్‌లో నింటెండో 1983లో తెచ్చిన ఫామికామ్ అనే గేమ్ మెషిన్‌కి కాపీలే, ఆ సంగతి నాకు చాలా ఏళ్ళ తర్వాతగానీ తెలీలేదు. క్యాసెట్ మీద 9999 ఆటలు అని పెద్ద అక్షరాలతో ఉండేది, లోపల చూస్తే ఓ ఇరవై ముప్పై ఆటలే మళ్ళీ మళ్ళీ వచ్చేవి. పిల్లలు ఆడేది మాత్రం కాంట్రా, మారియో, ట్యాంకుల ఆట, అంతే.

పీఎస్2 పెట్టాక నేనొక తప్పు చేశా. డిస్కులు ఎక్కువుంటే జనం ఎక్కువొస్తారని ఎనభై డిస్కుల స్టాండు గుమ్మం దగ్గరే పెట్టా. అరగంటకి డబ్బులు కట్టిన పిల్లాడు పది నిమిషాలు ఆ స్టాండు ముందే నిలబడేవాడు, ఒకటి పెట్టించుకుని రెండు నిమిషాలు ఆడి అన్నా మార్చవా అనేవాడు, టైమ్ అయిపోయాక మొహం వేలాడేసుకుని వెళ్ళేవాడు. ఇద్దరు అన్నదమ్ములైతే ఏ ఆట పెట్టాలో తేలక అక్కడే కొట్టుకున్నారు. ఓ నెల చూసి స్టాండు తీసి లోపల పెట్టేశా, ఒక పలక తెచ్చి దానిమీద ఆరు పేర్లు రాసి తగిలించా, వారానికోసారి రెండు పేర్లు మార్చేవాణ్ణి. వచ్చినవాడు వచ్చినట్టు కూర్చుని ఆడుకునేవాడు. కావాలని అడిగినవాడికి లోపల్నుంచి తీసిచ్చేవాణ్ణి, కానీ అడిగినవాళ్ళు తక్కువే. నీ మెసేజ్‌లు చదువుతుంటే ఆ స్టాండు ముందు నిలబడ్డ పిల్లలే కళ్ళముందు కనిపించారు నాకు.

ఈ తలనొప్పి నీ కాలంలో పుట్టింది కాదు నాన్నా. 1982లో అమెరికాలో ఒక తండ్రి బొమ్మల షాపుకెళ్తే అక్కడ అటారి 2600 ఉంది, అదే కంపెనీది అటారి 5200 ఉంది, మ్యాటెల్ వాళ్ళ ఇంటెలివిజన్, కొలికో వాళ్ళ కొలికోవిజన్, ఒడిస్సీ, వెక్ట్రెక్స్, ఇంకా చిన్నాచితకా. ఒకదాని క్యాసెట్ ఇంకోదాంట్లో పట్టదు. అంతెందుకు, 5200 కొన్నవాడికి ఇంట్లో ఉన్న 2600 క్యాసెట్లు అందులో ఆడేవి కావు, ఆ రెంటినీ ముడిపెట్టే అడాప్టర్ తర్వాతెప్పుడో వచ్చింది, ఈలోపు పోటీవాడు కొలికో మాత్రం తన మెషిన్‌లో 2600 ఆటలు ఆడించే అడాప్టర్ తెచ్చేశాడు! దానికితోడు ఆటలు ఎవరు పడితే వాళ్ళు చేసి అమ్మారు, ఏది మంచిదో ఏది చెత్తో అట్ట చూసి చెప్పలేరు, అమ్ముడుపోని సరుకు షాపులవాళ్ళు అయిదు డాలర్లకి బుట్టల్లో పోశారు, ముప్పై డాలర్ల మంచి ఆట పక్కన ఆ బుట్ట ఉంటే పిల్లాడికి కొనే తల్లిదండ్రులు ఏది తీస్తారో నీకు తెలుసుగా. ఇంటికొచ్చి పెడితే అది ఆడేలా ఉండదు, ఇంక మళ్ళీ ఆ షాపు మెట్లు ఎక్కరు. సుమారు 320 కోట్ల డాలర్ల వ్యాపారం రెండేళ్ళలో 10 కోట్లకి పడిపోయిందంటారు. అటారి అయితే 1983లో న్యూ మెక్సికోలోని అలమగోర్డో దగ్గర క్యాసెట్లు లారీల్లో తెచ్చి గోతిలో పూడ్చేసింది, 2014లో తవ్వితే బయటపడ్డాయి. మ్యాటెల్ 1984లో ఆ విభాగమే మూసేసింది. డబ్బు పెట్టి కొన్నవాళ్ళ ఇళ్ళల్లో మెషిన్లు ఉన్నాయి, వాటికి కొత్త ఆటలు లేవు.

తర్వాత 1985లో నింటెండో అమెరికాకి వచ్చి ఏం చేసిందో చూడు. బయటి కంపెనీ ఏదైనా ఏడాదికి అయిదు ఆటలకి మించి ఇవ్వకూడదని రూలు పెట్టింది, తమ అనుమతి లేని క్యాసెట్ ఆడకుండా లోపల ఒక చిప్ పెట్టింది, అట్ట మీద ముద్ర వేసింది. కంపెనీలమీద పెత్తనం చేసిందనే మాట నిజమే, నేను కాదనను, కానీ కొనేవాడి బుర్రమీద బరువు తగ్గింది. నా పలకా అదే పని చేసింది.

అక్కడితో ఆగిందా, పదేళ్ళకే మళ్ళీ అదే గోల. 1993లో 3డీఓ 699 డాలర్లకి, అటారి జాగ్వార్ 249కి, తర్వాత సెగా సాటర్న్ 399కి, సోనీ ప్లేస్టేషన్ 299కి. 3డీఓ, జాగ్వార్ రెండూ 1996కల్లా అయిపోయాయి. డ్రీమ్‌కాస్ట్ ఎంత మంచి మెషిన్ అయినా అమెరికాలో 1999 సెప్టెంబర్‌లో వస్తే 2001 మార్చికి సెగా తయారీ ఆపేసింది. షాపు కోసం నేను కూడా ఆ రోజుల్లో ఒక మెషిన్ తెప్పించా, ఏ కంపెనీదో చెప్పనులే, తెర మీద బొమ్మ అద్భుతంగా ఉందని మురిసిపోయి మీ అత్త గాజులు తాకట్టు పెట్టి మరీ తెప్పించా. ఏడాదిలో డిస్కులు రావడం ఆగిపోయింది, లెన్స్ పోతే మార్చే మెకానిక్ విజయవాడలో కాదు, మద్రాసులో కూడా దొరకలేదు. ఆ బాధ ఇప్పటికీ నాలోనుంచి పోలేదు. అందుకే నీకు గట్టిగా చెప్తున్నా, బొమ్మ ఎంత బాగుందని అడగడం కాదు ముందు, ఇంకో నాలుగేళ్ళు దీనికి ఆటలొస్తాయా, పాడైతే బాగుచేసే మనిషి మన ఊళ్ళో ఉన్నాడా, అది అడుగు.

పీఎస్2 పెట్టినప్పుడు నేను అలాగే ఎంచుకున్నా. నా దగ్గరున్న పాత ప్లేస్టేషన్ డిస్కులు అందులో ఆడాయి, రిపేర్ మనిషి రెండు వీధుల అవతలే ఉన్నాడు. పదిహేను కోట్లకి పైగా అమ్ముడుపోయిన మెషిన్ అది. 2009లో మన హైదరాబాద్‌లోనే తయారైన హనుమాన్ ఆట దానికి వచ్చినప్పుడు షాపులో పిల్లలకి చూపించి మనవాళ్ళు చేసింది రా అని ఎంత గర్వంగా చెప్పానో.

ఇప్పుడు నీ సంగతి. పేర్లు పది కనిపిస్తున్నాయిగానీ టీవీకి పెట్టుకునే కన్సోల్ చేసే పెద్ద కంపెనీలు మూడే, ఒక్కోటి రెండు మూడు రకాలు వదలడంతో నీకు పదిలా కనబడుతున్నాయి. ఇంకోటి, అప్పట్లో పెట్టె మారితే ఆట మారేది, ఇప్పుడు ఆ గోడలు చాలావరకు కూలాయి. ఫోర్ట్‌నైట్ అనే ఆటలో పీఎస్ వాళ్ళూ ఎక్స్‌బాక్స్ వాళ్ళూ కలిసి ఆడుకోడానికి 2018లో సోనీ ఒప్పుకుంది. ఎక్స్‌బాక్స్ సొంత ఆట ఫోర్జా హొరైజన్ 5 కూడా 2025లో పీఎస్5కి వచ్చేసింది. కాబట్టి తప్పు పెట్టె కొంటే జీవితం పోద్దన్న భయం నీకక్కర్లేదు, ఆ భయంతోనే కదా నువ్వు రాత్రిళ్ళు మేలుకుంటుంది.

ఒక తెల్లకాగితం తీసుకో. ఫోన్‌లో కాదు, కాగితమే. ఈ ఏడాది నువ్వు నిజంగా ఆడతావనుకున్న అయిదు ఆటలు రాయి, వీడియోలో వాడెవడో బాగుందన్నవి కాదు, నువ్వు ఆడాలనుకున్నవి. పక్కన ఎవరితో ఆడతావో వాళ్ళ పేర్లు, వాళ్ళ దగ్గర ఏ మెషిన్ ఉందో రాయి. కింద రోజుకి ఎంతసేపు, ఎక్కడ కూర్చుని ఆడతావో రాయి. ఆఫీసు నుంచి వచ్చేసరికి తొమ్మిదవుతుంది అంటావు, ఆదివారం ఒక్కరోజే అయితే నెలనెలా సబ్‌స్క్రిప్షన్ కట్టడం దండగ. మెట్రోలో పోనూరానూ గంటన్నర కూర్చుంటావు కాబట్టి చేతిలో పట్టుకునేది నీకు ఎక్కువ ఉపయోగపడొచ్చు, ఆ మాట నేను తీసిపారెయ్యను. కానీ నింటెండో మన దేశంలో స్విచ్‌ని నేరుగా అమ్మట్లేదు, బయటనుంచి తెచ్చినవాడు ఇచ్చే వారంటీ వాడి మాటే, అది పాడైతే ఏం చేస్తావో ముందే అనుకో.

నన్నడిగితే నీకు డిస్క్ ఉన్న పీఎస్5 సరిపోద్ది. మీ తమ్ముడికీ, డల్లాస్‌లో పెద్దమావయ్య కొడుక్కీ అదే ఉంది, పండక్కి వీడియోకాల్ పెట్టి అరుచుకుంటూ ఆడుకునేది వాళ్ళతోనే కదా. డిజిటల్‌ది కొన్నప్పుడు చవకే, కానీ కొత్త ఆట ఒక్కోటి దగ్గరదగ్గర అయిదు వేలు, డిస్క్ అయితే ఆడేసి అమ్ముకోవచ్చు, ఫ్రెండ్ దగ్గర మార్చుకోవచ్చు, పీఎస్4 పాత డిస్కులు సెకండ్‌హ్యాండ్‌లో తక్కువకి దొరుకుతాయి, అవీ దాదాపు అన్నీ ఇందులో ఆడతాయి. మూడేళ్ళ లెక్క వేసుకో, అప్పుడు ఏది చవకో తెలుస్తుంది. పీఎస్5లోనే ఖరీదైన రకం ప్రో గురించి అడిగావు, 2024లో అది వచ్చినప్పుడు మన దేశానికి తేనేలేదు, పైగా నీ గదిలో ఉన్నది పాత ఫుల్ హెచ్‌డీ టీవీ, దానికి ఆ డబ్బు పెట్టినా నీకు పెద్ద తేడా కనపడదు.

రెండు మెషిన్లు ఒకేసారి మాత్రం కొనకు, రెంటికీ చెడ్డ రేవడి అవుతావు, ఒకదానిమీద దుమ్ము పడుతుంటే చూసి నువ్వే బాధపడతావు. కొన్నాక ఆ పోలికల వీడియోలు చూడటం ఆపేయ్. గాలి ఆడేచోట పెట్టు, అద్దె ఇంట్లో కరెంటు ఎక్కువతక్కువలు ఉంటే మంచి స్పైక్ గార్డ్ ఒకటి తీసుకో.

ఈ శనివారం రాత్రి బస్సెక్కుతున్నా, ఆదివారం పొద్దున మీ ఇంట్లో ఉంటా. అప్పటికి ఆ కాగితం రాసిపెట్టు, టిఫిన్ చేసి ఇద్దరం సికింద్రాబాద్‌లో కంప్యూటర్ సామాన్లు అమ్మే సీటీసీకి వెళ్దాం. రెండో కంట్రోలర్ డబ్బులు నావి, నువ్వు తియ్యకు.

మావయ్య