చాంద ఎండల్లో హైబ్రిడ్ కారు: నికెల్ బ్యాటరీ అయితే వద్దనుకోవాలా?

మీరు మన చాంద (చంద్రపూర్) జిల్లా రాజురాలో ఉంటున్నామని, అమ్మానాన్నలతో కలిపి ఇంట్లో ఏడుగురమని, ఇన్నోవా హైక్రాస్ హైబ్రిడ్ (పెట్రోల్ ఇంజన్‌తో పాటు బ్యాటరీతో తిరిగే మోటారు కూడా ఉండేది) చూస్తున్నామని రాశారు. డల్లాస్‌లో ఉన్న మీ బావగారేమో "ఇక్కడ అన్నీ లిథియమే, మన దేశంలో పాత నికెల్ బ్యాటరీ అంటగడుతున్నారు, వద్దు" అన్నారట. అది నిజమేనా అని మీ ప్రశ్న.

నేను బల్లార్షాలో ఉంటాను. మా ఇంట్లో గ్రాండ్ విటారా స్ట్రాంగ్ హైబ్రిడ్ (కొంత దూరం బ్యాటరీ మీదే నడవగల రకం) ఉంది, దానిది లిథియం. మా అన్నయ్య దగ్గర హైక్రాస్ ఉంది, దానిది నికెల్. రెండూ ఇదే ఎండలో, ఇదే బొగ్గు దుమ్ములో తిరుగుతున్నాయి. కాబట్టి గట్టిగానే చెప్పగలను. నికెల్ అన్న ఒక్క కారణంతో ఆ బండి వదులుకోకండి.

మీ బావగారి మాట ముందు చూద్దాం. అమెరికాలో పెద్ద కుటుంబాలు కొనే టయోటా సియెన్నా 2021 మోడల్ నుంచి హైబ్రిడ్‌గానే వస్తోంది. అందులో ఉన్నది నికెల్ మెటల్ హైడ్రైడ్ బ్యాటరీయే. అక్కడి 2018 క్యామ్రీ హైబ్రిడ్‌లో తక్కువ ధర ఎల్ఈకి లిథియం ఇచ్చి, ఖరీదైన ఎక్స్ఎల్ఈకి నికెల్ ఇచ్చారు. అదే కంపెనీ నాలుగో తరం ప్రియస్‌లో దీన్ని తిరగేసింది. అడుగు రకానికి నికెల్, పై రకాలకి లిథియం. జపాన్‌లో 2011లో వచ్చిన ప్రియస్ ఆల్ఫా అయితే ఇంకా స్పష్టం. అయిదు సీట్ల బండికి నికెల్ బ్యాటరీ వెనక పెట్టారు. ఏడు సీట్ల బండిలో మూడో వరసకి చోటు కావాలి కాబట్టి చిన్నదైన లిథియం ప్యాక్‌ని ముందు సీట్ల మధ్యకి తెచ్చారు. అంతెందుకు, 2021లో జపాన్‌లో వచ్చిన టయోటా చిన్న కారు కొత్త ఆక్వాలో బైపోలార్ అనే కొత్త రకం నికెల్ బ్యాటరీ పెట్టారు. పేద దేశాలకి పాత సరుకు అనుకోవడానికి ఇక్కడ ఆధారమే లేదు. బండిలో చోటెంత, బరువెంత, ధరెంత అన్న లెక్కలే ఎక్కువ.

లిథియంకి లాభం లేదని కాదు. నికెల్ సెల్ ఒక్కోటి 1.2 వోల్టులే ఇస్తుంది, లిథియంది దాదాపు 3.7. అందుకే ఆ నాలుగో తరం ప్రియస్‌లో నికెల్ ప్యాక్‌కి 168 సెల్స్ కావలసి వస్తే, లిథియం ప్యాక్‌కి 56 సరిపోయాయి. బరువు, చోటు రెండూ కలిసొస్తాయి. 2023 ప్రియస్, మన దగ్గర 2024లో వచ్చిన క్యామ్రీ లిథియంకే వెళ్లాయి. అయినా మా గ్రాండ్ విటారాలో ఆ చిన్న ప్యాక్ కూడా డిక్కీలో సగం తినేసిందనిపిస్తుంది. మామూలు రకానికి 373 లీటర్లుంటే దీనికి 265. పండక్కి మంచిర్యాల వెళ్లేటప్పుడు రెండు పెద్ద సూట్‌కేసులు పెట్టాక పిండివంటల డబ్బాలు ఒళ్లో పెట్టుకోవాల్సిందే.

మన జిల్లాలో అసలు ఆలోచించాల్సింది వేడి గురించి. మే నెలలో చాందలో 46, 47 డిగ్రీలు కొత్త కాదు. వేడెక్కితే నికెల్ బ్యాటరీ చార్జ్ సరిగ్గా తీసుకోదు. లిథియం బ్యాటరీకి వయసు తొందరగా మీద పడుతుంది. రెండింటికీ వేడి పడదు. బండిలోని కంప్యూటర్ వాటిని నిండా నింపదు, పూర్తిగా ఖాళీ కానివ్వదు, కాబట్టి చాలావరకు కాపాడుతుంది. కానీ చల్లదనం మాత్రం మన చేతిలో ఉంది. హైక్రాస్ లాంటి బండిలో బ్యాటరీని చల్లబరిచేది క్యాబిన్ గాలే. లోపల మనకి ఉక్కపోస్తే దానికీ ఉక్కపోతే.

కాగజ్‌నగర్‌లో ఒక పెళ్లికి వెళ్లి, అన్నయ్య బండి మధ్యాహ్నం దాకా ఎండలో ఉంచాం. స్టార్ట్ చేయగానే సీటు కింద నుంచి ఫ్యాన్ గట్టిగా మోగింది. వదినకి ఒకటే టెన్షన్. అద్దాలు దించి వేడి గాలి బయటికి పోనిచ్చి, తర్వాత ఏసీ పెట్టాం. వాంకిడి దాటేలోపే చప్పుడు తగ్గింది. తర్వాత సర్వీసులో ఆ గాలి పోయే దారి దగ్గరుండే జాలీ తీయించి చూశాం. బూడిద రంగు నూగు, దాని మీద నల్లటి బొగ్గు పొడి. పేపర్ మీద తడితే కాటుకలా రాలింది. సాస్తి గనుల వైపు రోజూ తిరిగే బండి మరి, అద్దాలు మూసుకున్నా దుమ్ము ఎక్కడికో అక్కడికి చేరుతుంది. అప్పటి నుంచి ప్రతి సర్వీసులో అది శుభ్రం చేయమని జాబ్ కార్డులో రాయిస్తున్నాం. నోటిమాటగా చెబితే సరిపోదు.

ఇంకోటి. షోరూంలో "స్మార్ట్ హైబ్రిడ్" అని ఎర్టిగా చూపిస్తే దాన్ని హైక్రాస్‌తో పోల్చకండి. అందులో చిన్న బ్యాటరీ ఇంజన్‌కి సాయం చేస్తుందంతే, బండిని ఒంటరిగా నడపదు. ఆ రకంలో 2015 సియాజ్ డీజిల్‌కి అయితే లెడ్ యాసిడ్ బ్యాటరీయే ఉండేది.

మీకు ఏడు సీట్లు కావాలి కాబట్టి అయిదు సీట్ల గ్రాండ్ విటారా, దాని జోడీ టయోటా హైరైడర్ ఎలాగూ లెక్కలోకి రావు. హైక్రాస్ తీసుకోండి. హైబ్రిడ్ బ్యాటరీకి 8 ఏళ్లు లేదా 1,60,000 కిలోమీటర్ల వారంటీ ఉంది. సర్వీసు రికార్డు ఒక్కటి కూడా తప్పకుండా ఉంచుకోండి. డెలివరీ రోజు పూజ హడావిడిలో పడకముందే, బ్యాటరీకి గాలి పోయే దారి ఎక్కడుందో చూపించమని అడగండి. అమ్మగారు కాళ్ల దగ్గర చీరల సంచీ పెట్టి దాన్ని మూసేయకుండా చూసుకోవాలి.