రాయి మళ్లీ రావొద్దంటే

బిడ్డా రమేశూ,

కిడ్నీలో రాయి మూత్రంలో పడిపోయిందని మీ అమ్మ ఫోన్ చేసి చెప్పింది. ప్రాణం కుదుటపడింది. కానీ ఇంతటితో అయిపోయిందనుకోకు. యూరాలజీ వార్డులో, అంటే మూత్ర సంబంధ జబ్బుల వార్డులో, నర్సుగా చేసినన్నాళ్లూ చూశాను, నొప్పి గుర్తున్నంతకాలం నీళ్లు తాగుతారు, తర్వాత మరిచిపోతారు. జాగ్రత్త పడకుంటే పదేళ్లలోపు దాదాపు సగం మందికి మళ్లీ వస్తుంది.

ఇక్కడ లెక్క తాగే నీళ్లది కాదు, పోసే మూత్రానిది. రోజుకు రెండు నుంచి రెండున్నర లీటర్లు పోయాలి. నీడపట్టున ఉండేవాళ్లకు మూడు లీటర్ల నీళ్లు సరిపోతాయేమో గానీ, నువ్వు మే నెల ఎండలో ఓపెన్‌కాస్టు గనిలో డంపర్ బండి నడుపుతావు. తాగిందంతా చెమటకే పోతుంది. షిఫ్టులో ఒంటికి పోవడానికి వీలుండదని మీ డ్రైవర్లు నీళ్లు తాగడమే మానుకుంటారని నాకు తెలుసు. ఆ పని చెయ్యకు, బండి ఆపి పోయిరా. మూత్రం తెల్లగా, లేత పసుపుగా ఉంటే సరే. ముదురు పసుపు కనిపిస్తే అప్పటికప్పుడు రెండు గ్లాసులు తాగు. పడుకునేముందు ఒక గ్లాసు, రాత్రి లేస్తే ఇంకో అర గ్లాసు. రాత్రిపూట మూత్రం ఇంకా చిక్కబడుతుంది.

ఆ నీళ్లలోనే రోజుకు రెండు నిమ్మకాయలు పిండుకో, ఉప్పూ చక్కెరా వెయ్యకుండా. నిమ్మలోని సిట్రేటు కాల్షియాన్ని రాయిగా గట్టిపడనివ్వదు. కూల్‌డ్రింకులు వద్దు.

రాయిలో కాల్షియం ఉందన్నారని పెరుగు మానేశావట. మళ్లీ మొదలుపెట్టు నాయనా. ఎక్కువమందికి వచ్చేది కాల్షియం ఆక్సలేటు రాయి, అంటే కాల్షియం, ఆకుకూరల్లాంటి వాటిలో ఉండే ఆక్సలేటు అనే పదార్థం కలిసి గట్టిపడిన రాయి. అన్నంతోపాటు పెరుగు తింటే, కూరలోని ఆక్సలేటును ఆ కాల్షియం పేగులోనే పట్టుకుని మలంలో బయటికి పంపేస్తుంది. పెరుగు లేకపోతే ఆక్సలేటు రక్తంలో కలిసి కిడ్నీకి చేరుతుంది. మాత్రల కాల్షియం మాత్రం డాక్టరును అడగకుండా మింగకు.

అసలు తగ్గించాల్సింది ఉప్పు. ఉప్పు ఎంత తింటే మూత్రంలోకి కాల్షియం అంత దిగుతుంది. రోజు మొత్తానికి ఒక టీ చెంచా, అంటే 5 గ్రాములు, దాటొద్దు. కూరలో మీ అమ్మ వేసేది కాదు నా భయం. టిఫిన్ బాక్సులో పెద్ద ముద్ద ఆవకాయ, పక్కన నాలుగు చల్ల మిరపకాయలు, రెండు అప్పడాలు, సాయంత్రం మిక్చరు పొట్లం. పచ్చడి వేలితో నంచుకునేంత చాలు.

టమాటాను చూసి అందరూ భయపడతారు. పాపం, అందులో ఆక్సలేటు తక్కువే, తిను. పాలకూర, తోటకూరల్లోనే బాగా ఎక్కువ. తినాలనిపిస్తే ఉడికించి, ఆ నీళ్లు పారబోసి, పెరుగుతో తిను. జీడిపప్పు, బాదం గుప్పెళ్లతో తినకు. మాంసం వారానికి ఒకట్రెండు సార్లు, అదీ కొద్దిగా. బీరు తాగితే రాయి కొట్టుకుపోతుందని దోస్తులు చెబుతారు, వినకు. బలానికని విటమిన్ సి మాత్రలు కూడా వద్దు.

పడిన రాయిని దాచావా? ల్యాబుకివ్వు. అది యూరిక్ యాసిడ్ రాయి అనే వేరే రకం అయితే పథ్యం కొంచెం మారుతుంది. ఇంకోమాట. నొప్పితోపాటు చలిజ్వరం వచ్చినా, మూత్రం ఆగిపోయినా పొద్దున చూద్దామనుకోకు. ఎంత రాత్రయినా సరే, మీ నాన్నను లేపి ఆసుపత్రికి వెళ్లు.

మీ పెద్దమ్మ