ఇంట్లో గేమ్ స్ట్రీమింగ్‌కి పవర్‌లైన్ అడాప్టర్లా, వైఫైనా?

మీరు అడిగింది ఇదీ: గేమింగ్ పీసీ ఒక గదిలో, టీవీకి కలిపిన పాత ల్యాప్‌టాప్ ఇంకో గదిలో, రెండూ వైఫై మీదే. పీసీలోని ఆటను ఇంకో తెర మీద ఆడించే మూన్‌లైట్ యాప్‌లో ఆడుతుంటే నిమిషానికోసారి బొమ్మ అరక్షణం బిగుసుకుపోయి మళ్లీ ఉరుకుతోంది. స్పీడ్ టెస్టులో మాత్రం 200 ఎంబీపీఎస్ కనిపిస్తోంది. ఇంటి కరెంటు వైర్ల మీదుగా డేటా పంపే పవర్‌లైన్ అడాప్టర్ల జత, డబ్బా మీద 1200 అని రాసి ఉన్నది, కొంటే ఇది తీరుతుందా?

ఇప్పుడే కొనకండి. ముందు పీసీని ల్యాన్ కేబుల్‌తో రూటర్‌కి కలపండి. వీలు కాకపోతే ఒక్క సాయంత్రానికి పీసీనే రూటర్ పక్కకు మోసుకెళ్లి చూడండి. రెండు మిషన్లూ వైఫై మీద ఉంటే ప్రతి ప్యాకెట్టూ (డేటా చిన్న ముక్క) గాల్లో రెండుసార్లు ప్రయాణిస్తుంది, పీసీ నుంచి రూటర్‌కి ఒకసారి, రూటర్ నుంచి ల్యాప్‌టాప్‌కి ఇంకోసారి. ఒకే ఛానెల్ మీద ఒక సమయంలో ఒక్కరే మాట్లాడగలరు కాబట్టి ఒకటి పంపుతుంటే రెండోది ఆగాల్సిందే. ఒక వైపు తీగ పడితే గాలి మీద భారం సగమవుతుంది. ఇలాంటి ఫిర్యాదులు చాలావరకు అక్కడికే సద్దుమణుగుతాయి.

స్పీడ్ టెస్టు అంకెను పక్కన పెట్టేయండి. మూన్‌లైట్ 1080పీ, 60 ఫ్రేములకు మామూలుగా పెట్టుకునే బిట్‌రేటు (సెకనుకు పంపే డేటా) 20 ఎంబీపీఎస్. 4కే, 60 ఫ్రేములకైతే 80. కాబట్టి మీకు వేగం కొరత లేదు, కొరతల్లా నిలకడకే. సెకనుకు 60 ఫ్రేములంటే ఒక్కో ఫ్రేముకు దక్కేది 16.7 మిల్లీసెకన్లు. సినిమా ప్లేయరైతే కొన్ని సెకన్ల బొమ్మను ముందే దాచుకుంటుంది, మధ్యలో వంద మిల్లీసెకన్ల గండి పడినా మీకు తెలియదు. ఆటలో ఆ సౌకర్యం లేదు. మీరు బటన్ నొక్కాకే తర్వాతి బొమ్మ పుడుతుంది. వంద మిల్లీసెకన్ల గండి అంటే ఆరు ఫ్రేములు గల్లంతు. స్పీడ్ టెస్టు కొన్ని సెకన్ల సగటు చెబుతుంది, ఆ గండి దాని కళ్లకు కనబడదు. అందుకే వైఫై అయినా పవర్‌లైన్ అయినా దాని చెత్త క్షణాలను బట్టి బేరీజు వేయాలి.

ఇంకో లెక్క కూడా చూడండి. 20 ఎంబీపీఎస్‌ను 60 ఫ్రేములకు పంచితే ఒక్కో ఫ్రేము సుమారు 42 వేల బైట్లు, అంటే 30 ప్యాకెట్లు. పీసీ వైపు నుంచి బొమ్మను పంపే ప్రోగ్రామ్ సన్‌షైన్ వీటితో పాటు 20 శాతం అదనపు దిద్దుబాటు ప్యాకెట్లు కూడా పంపుతుంది కాబట్టి అక్కడొకటి ఇక్కడొకటి పోతే తిరిగి కట్టుకోగలదు. ఒకే ఫ్రేములో పది వరసగా పోతే మాత్రం కట్టుకోలేదు. నష్టం శాతం చిన్నదే అయినా బొమ్మ ఆగడానికి కారణం ఇదే. దెబ్బ తీసేవి గుంపుగా పోయే ప్యాకెట్లు.

పవర్‌లైన్ సంగతి. ఇంటి కరెంటు వైర్ల మీదే 2 మెగాహెర్ట్జ్ నుంచి మొదలయ్యే ఎత్తు పౌనఃపున్యాల సంకేతాన్ని ఎక్కించి డేటా పంపుతాయి ఈ అడాప్టర్లు. వీటి ప్రమాణాల్లో 2005లో వచ్చిన హోమ్‌ప్లగ్ ఏవీ సుమారు 30 మెగాహెర్ట్జ్ దాకా, దాని తర్వాతి రూపం, 2012 నాటి ఏవీ2 86 దాకా వాడుకుంటాయి. డబ్బా మీది 1200 తీగలో పరుగెత్తే ముడి అంకె, అదీ దగ్గర దగ్గర సాకెట్లలో, నిశ్శబ్దంగా ఉన్న వైరింగు మీద. అడాప్టర్‌తో వచ్చే సాఫ్ట్‌వేర్ ఇంట్లో చూపించే లింకు వేగం దానికంటే బాగా తక్కువ ఉంటుంది. ఆ చూపించిన దాంట్లోనూ మూడో వంతు నుంచి సగం దాకా చేతికొస్తే సరిగ్గా పనిచేస్తున్నట్టే లెక్క. పైన పటారం లోన లొటారం అనిపించే రకం ఇంకొకటుంది: 500, 600 అని రాసి ఉన్న చవక అడాప్టర్లలో కొన్నిటికి ల్యాన్ పోర్టు 100 ఎంబీపీఎస్‌దే. స్పెసిఫికేషన్లలో గిగాబిట్ పోర్టు అని ఉందో లేదో చూసుకోండి. 1080పీకి 100 పోర్టైనా ఫర్వాలేదు, 4కేకి మాత్రం ఇరుకే.

దూరాన్ని గదుల మధ్య అడుగుల్లో కొలవకండి. తీగ పోయిన దారిలో కొలవాలి. పక్క గదే అయినా ఆ గది సాకెట్లు వేరే ఎంసీబీ (మెయిన్ బోర్డులోని బ్రేకర్ స్విచ్) మీద ఉంటే సంకేతం మెయిన్ బోర్డు దాకా వెళ్లి తిరిగి రావాలి. ఇంటికి త్రీఫేజ్ కనెక్షన్ ఉండి రెండు గదులూ రెండు ఫేజుల మీద ఉంటే పరిస్థితి ఇంకా పలచబడుతుంది. అప్పుడు సంకేతం ఒక ఫేజు నుంచి మరో ఫేజుకు పక్కపక్కనే పోయే తీగల మధ్య దూకి రావాల్సిందే. లింకు కలవవచ్చు, కానీ స్ట్రీమింగ్‌కి చాలకపోవచ్చు. తీగల్లో నిప్పురవ్వలు పుడితే కరెంటు ఆపే ఆర్క్ ఫాల్ట్ బ్రేకర్లు కూడా సంకేతాన్ని కొంత మింగేస్తాయి. కొనే ముందు ఒక చిన్న పరీక్ష ఉంది: టీవీ గది సాకెట్ల ఎంసీబీ దించి చూడండి, పీసీ గది సాకెట్లు కూడా ఆగిపోతే రెండూ ఒకే సర్క్యూటు. అంతకంటే మంచి శకునం పవర్‌లైన్‌కి లేదు.

అడాప్టర్‌ని నేరుగా గోడ సాకెట్‌లోనే పెట్టాలి. ఎక్స్‌టెన్షన్ బోర్డులో పెడితే బలం తగ్గుతుంది. సర్జ్ ప్రొటెక్టర్‌లోనో యూపీఎస్ వెనకో పెడితే ఇక చెప్పక్కర్లేదు, వాటిలోని ఫిల్టర్ల పనే ఈ ఎత్తు పౌనఃపున్యాలను ఆపడం. దీనికి తలకిందుల ప్రయోజనం ఒకటుంది. గోల చేసే వస్తువులను ఫిల్టరున్న బోర్డు వెనక్కు నెట్టేస్తే వాటి గోల తీగ మీదికి రాదు. నాసిరకం ఫోన్ ఛార్జర్లు, ఎల్‌ఈడీ బల్బుల డ్రైవర్లు, డిమ్మర్లు, బ్రష్ మోటార్లున్న మిక్సీ, డ్రిల్లు, వాక్యూమ్ క్లీనర్, ఇవన్నీ ఆ గోలకు పుట్టిళ్లు. అలాంటిది ఒకటి ఆన్ అయిన క్షణంలో అడాప్టర్లు ఏ పౌనఃపున్యం మీద ఎంత డేటా ఎక్కించాలో మళ్లీ లెక్కలు వేసుకుంటాయి. ఆ లోపు పోయిన ప్యాకెట్లను మళ్లీ మళ్లీ పంపుతూ ఉంటాయి. మీకు అది ఒక కుదుపులా కనబడుతుంది. పొద్దున పరీక్షిస్తే భేషుగ్గా ఉండి, రాత్రి అన్ని దీపాలూ వెలిగాక చతికిలబడేది ఇందుకే.

ఎర్త్ పిన్ను విషయం చాలామంది పట్టించుకోరు. ఏవీ2 అడాప్టర్లలో మైమో (ఒకేసారి ఒకటికి మించిన దారుల్లో డేటా పంపే పద్ధతి) ఉన్న రకాలు ఫేజు-న్యూట్రల్‌తో పాటు ఎర్త్ వైరును కూడా రెండో దారిగా వాడుకుంటాయి. రెండు కాళ్ల ప్లగ్గున్న అడాప్టర్ కొన్నా, మూడు కాళ్లున్నా సాకెట్ వెనక ఎర్త్ సరిగా లేకపోయినా ఆ రెండో దారి మూసుకున్నట్టే.

పెట్టాక రెండు అడాప్టర్ల మీదా పెయిర్ బటన్‌ను రెండు నిమిషాల లోపు ఒకదాని తర్వాత ఒకటి నొక్కండి. డబ్బాలోంచి తీసినప్పుడు అన్ని అడాప్టర్లకూ ఒకే తాళం ఉంటుంది, ఒకే భవనంలో పక్కింటివాళ్ల అడాప్టర్ మీ నెట్‌వర్క్‌లోకి వచ్చే వీలుంటుంది. లింకు అప్పుడప్పుడూ ఒకటి రెండు సెకన్లు పూర్తిగా తెగి కలుస్తుంటే పీసీ నెట్‌వర్క్ కార్డు సెట్టింగుల్లో ఎనర్జీ ఎఫిషియెంట్ ఈథర్‌నెట్ అనే కరెంటు పొదుపు సెట్టింగును ఆపి చూడండి. మీ ఇంటర్నెట్ టెలిఫోన్ తీగ మీద వచ్చే వీడీఎస్‌ఎల్ అయితే ఇంకో చిక్కు: రెండూ ఒకే పౌనఃపున్యాలు వాడతాయి, అడాప్టర్లు పెట్టాక మోడెమ్ సింక్ (టెలిఫోన్ తీగతో దాని లింకు) పడిపోతే తప్పు వాటిదే.

అన్నీ కలిసొస్తే పవర్‌లైన్ పింగ్ (ప్యాకెట్టు వెళ్లి జవాబు తెచ్చే సమయం) 2 నుంచి 5 మిల్లీసెకన్లు. బాగున్న 5 గిగాహెర్ట్జ్ వైఫై కూడా అంతే. ఆలస్యంలో రెండిటికీ పెద్ద తేడా లేదు, పాడయ్యే తీరులోనే తేడా. వైఫైని పాడుచేసేది గోడలూ పక్కింటి రూటర్లూ, పవర్‌లైన్‌ని పాడుచేసేది మీ స్విచ్‌బోర్డుకు తగిలించిన ప్రతీదీ. మొదటిది చాలావరకు సెట్టింగులతో దారికొస్తుంది. రెండోదాన్ని దారికి తేవాలంటే వైరింగు ముట్టుకోవాలి. నా మొగ్గు వైఫై వైపు ఉండటానికి కారణం ఇదే.

ఇక మీ వైఫై. ఆ ఆగిపోవడం గడియారం పెట్టినట్టు ఒకే వ్యవధిలో వస్తోందా, ఎప్పుడుపడితే అప్పుడు వస్తోందా? ఫోన్‌లో స్టాప్‌వాచ్ పెట్టి ఒక పది సార్లు రాసుకోండి. సరిగ్గా ఒకే వ్యవధి అయితే అది ల్యాప్‌టాప్ చుట్టుపక్కల నెట్‌వర్క్‌ల కోసం వెతుకుతున్న సమయం. అప్పుడది కాసేపు మీ ఛానెల్ వదిలి వేరే ఛానెళ్లు వింటుంది. విండోస్‌లో లొకేషన్ సేవలు ఆపండి, వైఫై జాబితా విండో తెరిచి ఉంచకండి. వైఫై కార్డు పవర్ సేవింగ్‌ను కూడా ఆపేయండి. మ్యాక్‌లో ఈ పని చేసేది ఎయిర్‌డ్రాప్ వెనకున్న ఏడబ్ల్యూడీఎల్ అనే సేవ, ఆండ్రాయిడ్ బాక్సులో వైఫై స్కానింగ్ అన్న సెట్టింగు. ఇలాంటిదానికి పవర్‌లైన్ కొనడం గోటితో పోయేదానికి గొడ్డలి తేవడమే.

వ్యవధి లేకుండా వస్తుంటే ఛానెల్ చూడాలి. 2.4 గిగాహెర్ట్జ్ మీద స్ట్రీమింగ్ ఆశ వదులుకోండి. ఒకదానికొకటి తగలని ఛానెళ్లు అక్కడ మూడే, 1, 6, 11. బ్లూటూత్ కంట్రోలర్, మైక్రోవేవ్ కూడా అక్కడే ఉంటాయి. రూటర్‌లో 5 గిగాహెర్ట్జ్‌కి వేరే పేరు పెట్టి ల్యాప్‌టాప్‌ని దానికే కట్టేయండి, లేకపోతే తనంతట తాను 2.4కి జారుకుంటుంది. ఛానెల్ ఆటోలో వదలకండి. 36 నుంచి 48 లోపు గాని, మీ రూటర్ ఇస్తే 149 పైన గాని పెట్టండి. 52 నుంచి 144 దాకా రాడార్‌తో పంచుకునే ఛానెళ్లు. రాడార్ సంకేతం అనిపించిందంటే రూటర్ ఉన్నపళంగా ఖాళీ చేయాలి, కొత్తదీ అలాంటి ఛానెలే అయితే కనీసం 60 సెకన్లు విన్నాకే మాట్లాడాలి. ఛానెల్ వెడల్పు 80 మెగాహెర్ట్జ్ చాలు. పక్కింటి రూటర్లు కిక్కిరిసి ఉంటే 40కి దించినా నష్టం లేదు, మనకు కావాల్సింది 20 ఎంబీపీఎస్సే కదా.

ల్యాప్‌టాప్ దగ్గర సంకేత బలం మైనస్ 60 డీబీఎం లేదా అంతకంటే మెరుగ్గా (సున్నాకు దగ్గరయ్యే కొద్దీ మెరుగు) ఉంటే వైఫైతో నిశ్చింతగా ఆడొచ్చు. మైనస్ 70 దగ్గరైతే సెట్టింగులతో ఒరిగేదేమీ ఉండదు. ల్యాప్‌టాప్‌ని టీవీ వెనక నుంచి తీసి పక్కకు జరిపితేనే కొన్ని డీబీ పెరుగుతుంది, టీవీ వెనక రేకు పెద్ద అడ్డు. అప్పటికీ పెరగకపోతేనే, ముఖ్యంగా మధ్యలో కాంక్రీటు గోడలుంటే, పవర్‌లైన్ వంతు వస్తుంది.

కొలవడం ఇలా. ల్యాప్‌టాప్ నుంచి పీసీకి పింగ్‌ను 500 సార్లు నడిపి గరిష్ఠాన్ని చూడండి, సగటు వద్దు. ఎక్కువ భాగం 5 లోపు ఉండి ఎక్కడో 15 తగిలితే సరే. 50, 100 పదేపదే కనబడితే మీ కుదుపులు అవే. తర్వాత నెట్‌వర్క్‌ను కొలిచే ఐపెర్ఫ్3 ప్రోగ్రామ్‌ను పీసీలో సర్వర్‌గా పెట్టి, ల్యాప్‌టాప్ నుంచి యూడీపీలో (పోయినదాన్ని మళ్లీ పంపని పద్ధతి), 40 ఎంబీపీఎస్‌తో, రెండు నిమిషాలు, వెనక్కి పంపే (రివర్స్) ఆప్షన్‌తో నడపండి. ఆ ఆప్షన్ మరిచిపోతే డేటా ల్యాప్‌టాప్ నుంచి పీసీకి పోతుంది, ఆటలో బొమ్మ వచ్చే దిశ దానికి ఎదురు. యూడీపీయే ఎందుకంటే టీసీపీ పోయినదాన్ని మళ్లీ పంపించుకుని నష్టాన్ని కప్పేస్తుంది. సెకను సెకను వరసలో నష్టం ఒకే చోట గుంపుగా పడుతోందా అన్నది చూసుకోండి.

మూన్‌లైట్ నడుస్తుండగా కంట్రోల్, ఆల్ట్, షిఫ్ట్, ఎస్ కలిపి నొక్కితే తెర మీద గణాంకాలు వస్తాయి. అందులో డీకోడింగ్ (వచ్చిన బొమ్మను విప్పే) సమయం 16 మిల్లీసెకన్లు దాటుతోందేమో ముందు చూడండి. ల్యాప్‌టాప్ పాతదన్నారు కాబట్టి చెబుతున్నాను. అది దాటుతుంటే నెట్‌వర్క్ అమాయకురాలు. వీడియోను కుదించే పద్ధతిగా హెచ్‌ఈవీసీ ఎంచుకుని ఉంటే హెచ్.264కి మార్చండి, హార్డ్‌వేర్ డీకోడర్ వాడుతోందో లేదో చూడండి.

పవర్‌లైన్, వైఫై కలిపి ఒకే అడాప్టర్‌గా అమ్మే రకాన్ని స్ట్రీమింగ్‌కి తీసుకోవద్దు. రెండింటి జబ్బులూ ఒకే పెట్టెలో వస్తాయి. వైఫైని ఇంకో గదికి చేర్చేందుకు తీగ లేకుండా కలిసే మెష్ యూనిట్ కూడా గాల్లో ఇంకో మజిలీ పెంచేదే. ఇంట్లో వాడని కోయాక్సియల్ టీవీ కేబుల్ రెండు గదులకూ ఉంటే పవర్‌లైన్ కంటే ఆ కేబుల్ మీద డేటా పంపే మోకా అడాప్టర్లు ఎంతో నయం, మోకా 2.5 జతతో గిగాబిట్ పోర్టు నిండుతుంది. కాకపోతే ఆ కేబుల్‌లో శాటిలైట్ డిష్ సంకేతం పారుతుంటే రెండూ ఢీకొంటాయి, ఒకటే పెట్టుకోవాలి.

పవర్‌లైన్ ప్రయత్నించే పరిస్థితే వస్తే, తిరిగి ఇచ్చే వెసులుబాటున్న చోటే కొనండి. ఆ గడువులోనే రాత్రి పూట, ఇంట్లో అన్ని దీపాలూ వెలిగించి, ఛార్జర్లన్నీ తగిలించి, మిక్సీ తిప్పుతూ పై ఐపెర్ఫ్ పరీక్ష మళ్లీ చేయండి. పాసైతే ఆ అడాప్టర్లు ఆ సాకెట్లలోనే ఉండనివ్వండి, పక్క సాకెట్‌కి మార్చినా ఫలితం మారిపోవచ్చు. ఫెయిలైతే వెనక్కి పంపి, గుమ్మం పక్కన అంచు వెంట చదునైన క్యాట్ 5ఈ కేబుల్ లాగేయండి. ఇంట్లో ఉండే దూరాలకు గిగాబిట్‌కి అది చాలు, రాగి పూత వేసిన అల్యూమినియం తీగ కాకుండా పూర్తి రాగిది అయితే సరి.