చర్చ నడిపే మనిషికి ఏ పార్టీతోనూ సంబంధం ఉండకూడదా?

మీరు అడిగింది ఇదీ: చిత్తూరులో మీ యువజన సంఘం ఎన్నికల ముందు అభ్యర్థుల చర్చ పెట్టాలనుకుంటోంది. మోడరేటర్‌గా ఎవరి పేరు చెప్పినా "వాడు ఫలానా పార్టీ మనిషి" అంటున్నారు. మరి ఎవరిని పిలవాలి?

ఈ బాధ నేను పడ్డాను. 2019 ఎన్నికలప్పుడు తిరుపతిలో మా కాలనీ సంఘం ఇలాంటి చర్చే పెట్టింది. అభ్యర్థులు రాలేదు, వాళ్ల తరఫున ముగ్గురిని పంపారు. నడపడానికి ఒక రిటైర్డ్ లెక్చరర్‌ గారిని నేనే వెళ్లి ఒప్పించాను. ఎవరి దగ్గరా చేయి చాచని మనిషి. ఆయన్ని ఎవరూ వేలెత్తి చూపరని నా ధీమా.

ఆరున్నరకి మొదలవ్వాలి. ఆరుంబావుకి ఒక పార్టీ కుర్రాడు వచ్చి ఫోన్ చూపించాడు. ఫోటోలో మా సార్, పక్కన అవతలి పార్టీ నాయకుడు, సార్ భుజాల మీద జరీ అంచు శాలువా. ఉపాధ్యాయ దినోత్సవం నాటి సన్మానం. "ఇదేందన్నా, మాకు ముందే చెప్పొచ్చు కదా" అన్నాడు. గట్టిగా కూడా అనలేదు. నాకు నోట మాట రాలేదు. ఆ సన్మానానికి నేనూ వెళ్లాను. ముందుగా చెప్పాల్సిన విషయమని నాకు తోచలేదు.

సంగతి సార్‌ చెవిన పడింది. కళ్లజోడు తీసి పంచె అంచుతో తుడుచుకుని, "నడుపుతాలే నాయనా" అన్నారు.

గంటన్నర చర్చలో టైం చూసే పని నాది. ఎవరిని ఎన్నిసార్లు మధ్యలో ఆపారో నోట్‌బుక్‌లో గీతలు పెట్టుకున్నాను. ఇంటికొచ్చి లెక్కేస్తే, శాలువా కప్పిన పార్టీ మనిషిని తొమ్మిది సార్లు ఆపారు, మిగతా ఇద్దరినీ కలిపి నాలుగు సార్లు. కల్యాణి డ్యామ్ నీళ్ల మీద ఆయన చెప్పబోయింది ఒక్క వాక్యం కూడా పూర్తి కాలేదు. తన మీద పడ్డ మచ్చ తుడుచుకోవాలన్న ఆరాటంలో సార్ అటువైపు మనిషికి అన్యాయం చేశారు. అందుకు కారణం నేనే. ముందురోజే ముగ్గురికీ చెప్పి ఉంటే సార్‌కి ఆ టెన్షన్ ఉండేది కాదు.

అమెరికాలోనూ ఇలాంటిదే జరిగింది. 2008లో ఉపాధ్యక్ష అభ్యర్థులు బైడెన్ (ఒబామా జోడీ), సారా పేలిన్‌ల చర్చ నడపాల్సిన టీవీ జర్నలిస్టు గ్వెన్ ఐఫిల్, ఒబామా తరం నల్లజాతి నాయకుల మీద పుస్తకం రాస్తున్నారని చర్చకు కొద్ది రోజుల ముందు గొడవ లేచింది. పుస్తకం సంగతి ఆమె దాచలేదు. కానీ దాన్ని అందరి ముందూ పెట్టి "మీకు సమ్మతమేనా" అని అడిగే పని ముందే జరిగి ఉంటే ఆ గొడవకు అంత బలం ఉండేది కాదని నాకనిపిస్తుంది.

అందుకే ఓటు ఎవరికి వేస్తారని మోడరేటర్‌ని అడగకండి. అభిప్రాయం లేని మనిషికి రాజకీయం అర్థం కాదు, చర్చా నడపలేడు. సంబంధాలు అడగండి: ఇంట్లో ఎవరికైనా పార్టీ పదవి ఉందా, కాంట్రాక్టు ఉందా, నాయకుడి చేత సన్మానం, సాయం ఏదైనా అందిందా. కాగితం మీద రాయించి అన్ని పార్టీలకూ ఒకేరోజు ఇవ్వండి. కులం మాట కూడా వస్తుంది, మన జిల్లాల్లో రాకుండా ఉండదు. కులాన్ని బట్టి ఎవరినీ తీసేయొద్దు. అలా తీసేస్తూ పోతే చివరికి ఎవరూ మిగలరు. అనుమానం పోకపోతే ఇద్దరిని కూర్చోబెట్టండి.

పార్టీలకు అభ్యంతరం చెప్పే హక్కు ఇవ్వండి, కానీ ఒక్క పేరుకే, కారణం రాసిచ్చి. పూర్తిగా వాళ్ల చేతికిస్తే చర్చ వాళ్లదైపోతుంది. 1988లో అమెరికాలో అధ్యక్ష అభ్యర్థుల రెండు ప్రచార బృందాలూ ప్రశ్నలడిగేవాళ్లెవరో, హాల్లో ఎవరు కూర్చోవాలో తమలో తామే ఒప్పందం చేసుకుంటే, 1976 నుంచి అధ్యక్ష చర్చలు నడిపిన మహిళా ఓటర్ల లీగ్ అనే సంస్థ తప్పుకుంది. ఆ తెగువ మెచ్చుకోవాల్సిందే.

మోడరేటర్ చేతిలో నిర్ణయాలు ఎంత తక్కువుంటే అంత మంచిది. ప్రశ్నలు జనం దగ్గర తీసుకుని చీటీలు వేయండి. టైం అయితే మైకు ఆపరేటరే ఆపేయాలి. తప్పు లెక్క చెబితే మోడరేటర్ దిద్దాలా వద్దా అన్నది ముందే తేల్చుకోండి. 2024 సెప్టెంబర్‌లో ట్రంప్, కమలా హారిస్‌ల చర్చలో ఏబీసీ టీవీ యాంకర్లు ట్రంప్ మాటల్ని దిద్దినందుకు ఆయన వైపువాళ్లు పక్షపాతమన్నారు. నా మట్టుకు దిద్దే పని ఎదుటి అభ్యర్థికే వదిలేయాలి.

2024లో మేం మళ్లీ పెట్టినప్పుడు ఒక లాయరమ్మ నడిపారు. మైకు అందుకోగానే ఆ కాగితమే చదివారు: "మా మేనమామ కొడుకు ఈ పార్టీలో డివిజన్ కార్యదర్శి. వీళ్లకిది తెలుసు, మీకూ చెబుతున్నా." ఎవరూ లేవలేదు. మొదటి చీటీ తీశారు. ఆ రోజు గీతల లెక్క ఐదు, నాలుగు, ఐదు.

ఎన్నికల కోడ్ అమల్లో ఉంటే సభకు అనుమతి తీసుకోవాలి, పోలింగ్ ముగిసే సమయానికి ముందు 48 గంటల్లో పెట్టకూడదు. కాబట్టి తేదీ ముందు ఖాయం చేసుకోండి. ఎవరినైనా నడపమని అడిగిన రోజే ఆ కాగితం కూడా చేతికివ్వండి.